మా ఇంటి కంప్యూటర్‌కి ధనుర్మాసం పట్టింది!

"నేనేం నొక్కలేదురా. రాత్రి పడుకోబెట్టాను, పొద్దున్న లేవలేదు. అంతే!"

డిసెంబర్ చివర్లో ఓ ఉదయం నాన్నగారు ఫోన్ చేసి అన్న మాట ఇది. ఆయన చెప్తున్నది మా ఇంటి కంప్యూటర్ గురించి. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో ఉన్నాను. పరధ్యానంగా అడిగేశాను: "సరేగానీ, ఇంతకీ మీరేం నొక్కారు?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది.

మా ఇల్లు నిడదవోలులో, రైల్వే స్టేషన్‌కి కూతవేటు దూరంలో. నాన్నగారు ముప్పై ఏళ్ళు రైస్‌మిల్లులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు బజార్లో మూడు కొట్ల లెక్కలు రాస్తారు. మొన్నటిదాకా అంతా పుస్తకంలోనే. పట్టుబట్టి ఆయనకి కంప్యూటర్ నేర్పింది నేను. పదేళ్ళనాటి డెస్క్‌టాప్ అది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 ఈ పాత ప్రాసెసర్‌కి ఎక్కదు. కొత్తది కొనడం ఎందుకని దీపావళికి వెళ్ళినప్పుడు ఉబుంటు లైనక్స్ వేశాను. లిబ్రె ఆఫీస్‌లో లెక్కలు వేయడం నేర్పాను. రాత్రి షట్‌డౌన్ చేయక్కర్లేదు, 'సస్పెండ్' నొక్కితే చాలు, పొద్దున్న ఎక్కడ ఆపారో అక్కణ్నుంచే మొదలెట్టొచ్చని చెప్పాను.

రెండు నెలలు బాగానే నడిచింది. ఆ ఫోన్ తర్వాత మళ్ళీ కంప్యూటర్ ఊసే రాలేదు. నేనడిగితే "ఆయ్, బానే ఉంది" అనేవారు. నమ్మేశాను. సంక్రాంతికి ఇంటికెళ్తే అసలు సంగతి బయటపడింది. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. పక్కనే పాత లెడ్జర్ పుస్తకం తెరిచి ఉంది.

"మీ నాన్న దాన్ని ముట్టుకోవట్లేదు," అంది అమ్మ వంటింట్లోంచి. "తెర నల్లగా ఉండిపోయిందని బటన్ గట్టిగా నొక్కి ఆపారు. రెండ్రోజుల లెక్క పోయింది. కిరాణా కొట్టాయన ముందు మాట పడ్డారు. 'పిల్లాడు కష్టపడి నేర్పితే నేనే పాడుచేశా' అని ఒకటే బాధ."

అప్పుడు అర్థమైంది. 'మీరేం నొక్కారు' అని నేనన్న మాటని ఆయన నేరారోపణగా తీసుకున్నారు. కాబట్టి ఈ సమస్య తేల్చడం నాకు కంప్యూటర్ రిపేరు మాత్రమే కాదు.

అసలు కంప్యూటర్ ఎలా పడుకుంటుంది?

మన ఫోన్ జేబులో పడుకుంటుంది, బటన్ నొక్కితే లేస్తుంది. పీసీలో అది అంత తేలిక కాదు. ఫోన్‌లో అన్నీ ఒకే కంపెనీ కూర్చి ఇస్తుంది. డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు ఒకరిది, గ్రాఫిక్స్ ఒకరిది, మౌస్ ఇంకొకరిది. వీటన్నిటికీ పడుకోవడం, లేవడం గురించి ఒక ఉమ్మడి భాష ఉండాలని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. ఇప్పటికీ పీసీలు నడుస్తున్నది దాని మీదే.

పీసీ నిద్రలో మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. మొదటిది కునుకు: పనులన్నీ ఆగుతాయి గానీ మెషీన్ పూర్తిగా ఆగదు. లైనక్స్ దీన్ని 'ఎస్2ఐడిల్' అంటుంది. రెండోది గాఢనిద్ర: ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు ఇచ్చి, దాదాపు మిగతావన్నీ ఆపేస్తుంది. దీని పేరు 'ఎస్3', లైనక్స్ లెక్కల్లో 'డీప్'. మూడోది హైబర్నేట్: ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి, పూర్తిగా ఆరిపోతుంది.

మీరు సస్పెండ్ నొక్కగానే లైనక్స్ ముందు ప్రోగ్రాములన్నిటినీ ఉన్నచోట ఆపుతుంది. తర్వాత ఒక్కో పరికరాన్నీ దాని డ్రైవర్ ద్వారా పడుకోబెడుతుంది. ఒక్క ప్రాసెసర్ కోర్‌ని ఉంచి మిగతావాటిని ఆపుతుంది. చివర్లో పగ్గాలు మదర్‌బోర్డుకి అప్పగిస్తుంది. లేచేటప్పుడు ఇదంతా తిరగేసి జరగాలి. మధ్యలో ఒక్కరు మొరాయించినా మనకి కనిపించేది ఒకటే: నల్ల తెర. అందుకే 'లేవలేదు' అనేది జబ్బు పేరు కాదు, లక్షణం మాత్రమే. జ్వరం అన్నట్టే.

నేను చేసిన తప్పు

భోగి రోజు మధ్యాహ్నం తువ్వాలు తీసి కూర్చున్నాను. సస్పెండ్ చేశాను, పడుకుంది. కీబోర్డు నొక్కాను, లేచింది. పదిసార్లు చేశాను, పదిసార్లూ లేచింది.

"నువ్వుంటే బుద్ధిగానే ఉంటుందిలే," అన్నారు నాన్నగారు. ఆ గొంతులో 'చూశావా, తప్పు నాదే' అన్న ధ్వని.

నాకు ఉక్రోషం వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరెవరో చెప్పిన నాలుగు చిట్కాలు ఒకేసారి వేసేశాను. గాఢనిద్రని కునుకుగా మార్చాను, బయాస్‌లో రెండు సెట్టింగులు తిప్పాను, బూట్ లైన్‌లో ఏదో చేర్చాను. ఫలితం? ఇప్పుడు పడుకున్నా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఏది దేనివల్లో తెలీదు. రోజూ ఆఫీసులో జూనియర్లకి 'ఒకసారి ఒక్కటే మార్చండి' అని చెప్పే మనిషిని నేనే!

అన్నీ వెనక్కి తిప్పి, మొదట్నుంచీ మొదలెట్టాను.

ముందు ప్రాణం ఉందో లేదో చూడాలి

నల్ల తెర కనిపించగానే మొదటి ప్రశ్న ఇది: మెషీన్ అసలు లేవలేదా? లేక లేచింది గానీ తెర మాత్రమే రాలేదా?

తేల్చడానికి రెండు తేలిక పరీక్షలున్నాయి. ఒకటి, కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల లైనక్స్ బతికే ఉంది. రెండోది మీ ఫోన్‌తోనే చేయొచ్చు. కంప్యూటర్‌లో ముందే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వేసి ఉంచితే, అదే వైఫైలో ఉన్న ఫోన్‌నుంచి టర్మక్స్ లాంటి యాప్‌తో లోపలికి వెళ్ళొచ్చు. వెళ్ళగలిగితే మెషీన్ మెలకువగా ఉన్నట్టే.

ఇక డైరీ చూడాలి. లైనక్స్ తను చేసే పనులు గంటా నిమిషాలతో రాసుకుంటుంది. 'జర్నల్‌సీటీఎల్' అనే కమాండ్‌తో అది చదవొచ్చు. అందులో 'పీఎం సస్పెండ్ ఎంట్రీ' అని ఉంటే పడుకోవడం మొదలెట్టిందని, 'పీఎం సస్పెండ్ ఎగ్జిట్' అని ఉంటే లేచిందని అర్థం. ఎంట్రీ ఉండి ఎగ్జిట్ లేకపోతే దారిలోనే ప్రాణం పోయినట్టు.

నెలరోజుల డైరీ తీశాను. చూసి ఆశ్చర్యపోయాను. నాన్నగారు 'లేవలేదు' అన్న ప్రతి రోజూ ఎగ్జిట్ లైను ఉంది. అంటే కంప్యూటర్ లేచింది! అదీ ఆయన కూర్చునే ఏడు గంటలకి కాదు. ఓ రోజు 4:38, ఇంకో రోజు 4:52, మరో రోజు 4:41. తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ దాని దగ్గర లేనప్పుడు.

"రైళ్ళురా," అన్నారు నాన్నగారు. "గూడ్సు వెళ్తే మన కిటికీలు ఊగట్లా? ఆ అదురుకి మౌస్ కదిలి ఉంటుంది."

వినడానికి సబబుగానే ఉంది. మాది జంక్షన్. విజయవాడ, విశాఖ మెయిన్ లైను ఒకవైపు, భీమవరం, నరసాపురం వెళ్ళే లైను ఇంకోవైపు. కానీ రైళ్ళు రాత్రంతా వెళ్తూనే ఉంటాయి కదా. అదురే కారణమైతే ఒంటిగంటకీ రెండింటికీ కూడా లేవాలి. డైరీలో అలా ఒక్కసారి కూడా లేదు. రైళ్ళు నిర్దోషులు!

లెడ్జర్‌లో దొరికిన దొంగ

"ఎప్పట్నుంచి మొదలైందో గుర్తుందా నాన్నగారూ?" అనడిగాను. 'ఏం నొక్కారు' అని కాదు, ఈసారి 'ఎప్పుడు' అని.

ఆయన లేచి లెడ్జర్ తెచ్చారు. చివరి పేజీలో పెన్సిల్‌తో ఓ పట్టీ! దీపావళి తర్వాత కంప్యూటర్ వాడిన ప్రతిరోజూ తేదీ రాసి, పక్కన టిక్కో ఇంటూనో పెట్టుకున్నారు. ఎవరూ అడక్కుండానే. ముప్పై ఏళ్ళ గుమస్తా అలవాటు మరి.

నవంబర్ అంతా టిక్కులే. డిసెంబర్ మొదటి రెండు వారాలూ టిక్కులే. మొదటి ఇంటూ డిసెంబర్ 17న. అక్కణ్నుంచి వారంలో నాలుగైదు ఇంటూలు.

డిసెంబర్ 16న ఏమైంది? అప్‌డేట్లు ఏమన్నా వచ్చాయా అని చూశాను. ఆ వారంలో ఏవీ లేవు. నేనూ నాన్నగారూ ఆ తేదీని చూస్తూ కూర్చున్నాం. కాఫీ ఇవ్వడానికొచ్చిన అమ్మ మా భుజాల మీంచి తొంగిచూసి, "అదేముంది, ధనుర్మాసం మొదలైన రోజు," అంది.

ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. నాన్నగారే ముందు తేరుకున్నారు. "ఏమేవ్, పొద్దున్నే ముగ్గు డబ్బా ఎక్కణ్నుంచి తీస్తావ్?"

"ఎక్కణ్నుంచేంటి, ఈ బల్ల వెనకాల అరలోంచే. నాలుగున్నరకి లేచి..."

మిగతాది చెప్పక్కర్లేదు. అమ్మ చీకట్లో రంగుల డబ్బా తీసేటప్పుడు బల్ల కదిలేది. మౌస్ కదిలేది. కంప్యూటర్ లేచేది. మామూలు రోజుల్లో అయితే అమ్మ ఆరింటికి లేచి, వాకిట్లో గూట్లో ఉండే పిండితో నాలుగు గీతలు పెడుతుంది. ఈ నెల మాత్రం రంగులూ, గొబ్బెమ్మలూ, పెద్ద ముగ్గులూ.

సరే, సంక్రాంతి వెళ్ళగానే ఏమయ్యేదో ఊహించండి. డబ్బా అటక మీదకి వెళ్ళిపోయేది. కంప్యూటర్ తనంతట తానే బాగైపోయేది. నాన్నగారు మాత్రం తన చేతివల్లే పాడైందన్న నమ్మకంతోనే ఉండిపోయేవారు.

మరి తెర ఎందుకు రాలేదు?

లేవడం వరకూ తేలింది. కానీ లేచిన కంప్యూటర్ ఏడింటికి తెర చూపించాలిగా?

ఇక్కడ నాన్నగారి మంచి అలవాటొకటి అడ్డొచ్చింది. రాత్రి పడుకునే ముందు మానిటర్ ప్లగ్గు స్విచ్ ఆపేస్తారు. మా మదర్‌బోర్డులో పాత వీజీఏ పోర్టు ఎప్పుడో పోయింది. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్‌తో నెట్టుకొస్తున్నాం. తెల్లవారుజామున కంప్యూటర్ లేచి చూస్తే మానిటర్ జవాబివ్వదు. 'తెర లేదు' అని నిర్ణయించేసుకుంటుంది. ఏడింటికి నాన్నగారు మానిటర్ వేసినా, ఆ కబురుని కన్వర్టర్ లోపలికి చేరవేయదు. అన్ని మానిటర్లూ కన్వర్టర్లూ ఇలా ఉండవు. మా జోడీ అలాంటిది.

నేను పరీక్షించినప్పుడు ఎందుకు బాగా పనిచేసిందో ఇప్పుడర్థమైందా? నేనొక్కసారి కూడా మానిటర్ ఆపలేదు!

ఊహ సరిపోదు, రుజువు కావాలి. కంప్యూటర్‌ని పడుకోబెట్టి, మానిటర్ ఆపి, మౌస్ కదిపి, నిమిషం ఆగి మానిటర్ వేశాం. నల్ల తెర. ఫోన్‌నుంచి లోపలికి వెళ్ళి, 'సిస్, క్లాస్, డీఆర్‌ఎం' ఫోల్డర్‌లో హెచ్‌డీఎంఐ పోర్టు స్టేటస్ చూశాను: 'డిస్‌కనెక్టెడ్'. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే. మానిటర్ ముందు వేసి తర్వాత లేపితే మూడుసార్లూ తెర వచ్చింది. నాన్నగారు ప్రతిదీ లెడ్జర్‌లో రాస్తున్నారు. ఆయన ముఖంలో నెల్లాళ్ళ బరువు దిగడం నాకు కనిపిస్తూనే ఉంది.

ఇక మందు. మాది వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ జోడీ. రెండిటికీ ఒకటే డాంగిల్. లైనక్స్ సాధారణంగా కీబోర్డుకి లేపే హక్కు ఇస్తుంది. డాంగిల్ కీబోర్డుగా కూడా కనిపిస్తుంది కాబట్టి మౌస్‌కీ ఆ హక్కు దక్కింది. 'సిస్' ఫోల్డర్‌లో ప్రతి యూఎస్‌బీ పరికరానికీ పవర్, వేకప్ అనే ఫైలుంటుంది. అందులో 'ఎనేబుల్డ్'ని 'డిసేబుల్డ్' చేస్తే చాలు. కాకపోతే రీస్టార్ట్ చేస్తే పోతుంది. నిలవాలంటే యూడెవ్ రూల్ రాయాలి. రాశాను. ఇకనుంచి కంప్యూటర్‌ని పవర్ బటన్ మాత్రమే లేపుతుంది.

రెండో మందు: బూట్ లైన్‌లో 'వీడియో' ఆప్షన్ చేర్చి, మా హెచ్‌డీఎంఐ పోర్టు పేరు, రిజల్యూషన్ రాసి, చివర 'ఈ' అక్షరం పెట్టాను. మానిటర్ పలికినా పలక్కపోయినా తెర ఉన్నట్టే అనుకో అని దానర్థం. ఒకటి మార్చి, పరీక్షించి, రాసుకుని, అప్పుడే రెండోది.

కరెంటు పోతే?

కనుమ రోజు నాన్నగారు ఇంకో ప్రశ్న వేశారు. "పడుకుని ఉండగా కరెంటు పోతే?"

మంచి ప్రశ్న. గాఢనిద్రలో లెక్కలన్నీ ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ. యూపీఎస్ ఉంటే పర్లేదు, పడుకున్న పీసీ తాగేది కొద్ది వాట్లే కాబట్టి చాలాసేపు ఆగుతుంది. లేనివాళ్ళకి 'హైబ్రిడ్ స్లీప్' ఉంది. ర్యామ్‌లోది ముందు డిస్కుమీద కూడా రాసి, ఆ తర్వాత పడుకుంటుంది. కరెంటు పోకపోతే ర్యామ్ నుంచి చప్పున లేస్తుంది, పోతే డిస్కు నుంచి నెమ్మదిగా లేస్తుంది. దీనికి ర్యామ్‌కి సరిపడా స్వాప్ కావాలి, అది ఎక్కడుందో బూట్ లైన్‌లో చెప్పాలి. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా లైనక్స్‌లు హైబర్నేట్‌ని ఒప్పుకోవని కూడా గుర్తుంచుకోండి. మాకు 8 జీబీ ర్యామ్, కాబట్టి అంతకంటే కాస్త పెద్ద స్వాప్ ఫైలు పెట్టాను. లిబ్రె ఆఫీస్‌లో ఐదు నిమిషాలకోసారి దానంతటదే సేవ్ అయ్యేలా కూడా చేశాను.

అసలు రాత్రంతా ఆన్‌లో వదిలేస్తే పోలా అంటారా? ఖాళీగా 50 వాట్లు లాగే పీసీ పది గంటలుంటే అర యూనిట్. నెలకి 15 యూనిట్లు. నాన్నగారి ముందు ఆ మాట అనలేం.

మీ ఇంట్లో ఇలా జరిగితే

తెర నల్లగా ఉంటే పవర్ బటన్‌ని అదేపనిగా నొక్కి పట్టుకోకండి. ముందు క్యాప్స్ లాక్ చూడండి. బతికే ఉంటే బటన్ ఒక్కసారి తేలిగ్గా నొక్కండి. చాలా లైనక్స్‌లలో అది మళ్ళీ పడుకోబెడుతుంది. మానిటర్ ఆన్ చేసి ఇంకోసారి నొక్కి లేపండి. మా ఇంట్లో ఇది తెలిసుంటే రెండ్రోజుల లెక్క పోయేదే కాదు.

అదీ కుదరకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యూ, బీ ఒకదాని తర్వాత ఒకటి, కొన్ని సెకన్లు ఆగుతూ నొక్కండి. డిస్కుకి చేరాల్సింది చేర్చి, జాగ్రత్తగా రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటులో ఈ మూడూ మొదట్నుంచే పనిచేస్తాయి. తెరిచి ఉన్న ఫైల్లో సేవ్ చేయనిది మాత్రం పోతుంది.

పదేపదే పరీక్షించాలంటే 'ఆర్‌టీసీవేక్' కమాండ్ వాడండి. నిమిషం పడుకుని తనే లేస్తుంది. ఏ దశలో ఆగుతోందో తెలియాలంటే కెర్నెల్‌లో 'పీఎం టెస్ట్' ఉంది. ప్రోగ్రాములదాకా, పరికరాలదాకా, ప్రాసెసర్లదాకా అని మెట్టు మెట్టుగా పడుకోబెట్టి ఐదు సెకన్లలో లేపుతుంది.

ఏ డైరీలోనూ జాడ దొరకని కేసులకి ఇంకో విచిత్రమైన ఉపాయముంది. లేస్తూ లేస్తూ మెషీన్ చచ్చిపోతే డిస్కు మీద రాసే అవకాశం ఉండదు. అందుకని 'పీఎం ట్రేస్' ఆన్ చేస్తే లైనక్స్ తన ఆఖరి అడుగుని మదర్‌బోర్డు గడియారంలో అంకెలుగా దాస్తుంది. రీస్టార్ట్ చేశాక ఆ అంకెల నుంచి దొంగ డ్రైవర్ ఎవరో వెతుకుతుంది. కంప్యూటర్‌లో తేదీ అడ్డదిడ్డంగా మారిపోతుంది, కంగారుపడకండి.

వీటన్నిటికంటే ముందు ఒక కాగితం, పెన్సిల్. తేదీ, టైము, ఏం మార్చారు, లేచిందా లేదా. మా ఇంట్లో లాగ్ చదివింది నేనే గానీ, దొంగని పట్టించింది ఆ లెడ్జర్, ఆ తేదీని గుర్తుపట్టిన అమ్మ.

మొన్న మళ్ళీ ఫోనొచ్చింది. "ఏరా, ఇవాళ తెర రాలేదు. టైము ఏడూ పది. మానిటర్ ముందే వేశాను. బటన్ ఒక్కసారే నొక్కాను. క్యాప్స్ లాక్ వెలుగుతోంది."

"అయితే ఫోన్‌లోంచి లోపలికెళ్ళి చూస్తానుండండి..."

"అక్కర్లేదులే. కన్వర్టర్ దగ్గర వైరు ఊడింది. పెట్టేశాను, వచ్చేసింది. పుస్తకంలో కూడా రాశా. నీకు ఊరికే చెప్దామని చేశా."